కూర్చునే ఉద్యోగం

పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి అబ్బాయిని వర్ణించే తీరు మీరు వినే ఉంటారు. చదువు సంగతి చెబుతాడు. ఇల్లూ వాకిలీ సంగతి చెబుతాడు. పిల్లవాడు వక్కపొడి కూడా ఎరగడంటాడు. ఇవన్నీ అయినాక, దాచి ఉంచిన బ్రహ్మాస్త్రం బయటికి తీసినట్టు కాస్త ముందుకు వంగి, "అబ్బాయిది కూర్చునే ఉద్యోగమండీ, ఎండనపడి తిరిగేది కాదు" అంటాడు. అంతటితో అమ్మాయి తల్లి ముఖం విప్పారుతుంది. జీతమెంత అన్న ప్రశ్న ఆ తరువాతది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. మాట వెనకాల ఏముందా అని తడిమి చూడటం వృత్తివల్ల వచ్చిన అలవాటు. "కూర్చోవటం" అనే ఈ చిన్న క్రియ చుట్టూ మనవాళ్ళు ఎంత గౌరవం అల్లారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్ళకన్నా ముందు కుర్చీ చూపిస్తాం. దేవుడికి చేసే పదహారు ఉపచారాలలో కూడా ఆవాహనం కాగానే ఆసనమే. కలిగినవాడి సంగతి చెప్పాలంటే "కాలుమీద కాలు వేసుకుని కూర్చుని తింటున్నాడు" అంటాం. పదవికి మారుపేరే కుర్చీ అయిపోయింది. బుద్ధిమంతుడైన పిల్లవాడంటే ఒకచోట కుదురుగా కూర్చునేవాడు. మరి బళ్ళో శిక్షలో? తప్పు చేసినవాణ్ణి నిలబెడతారు. ఇంకా పెద్ద తప్పయితే గుంజీళ్ళు తీయిస్తారు. కాళ్ళకు పని చెప్పటం శిక్ష, కాళ్ళను ఊరికే ఉంచటం బహుమానం అని అయిదో ఏటనే మన బుర్రకెక్కించారన్నమాట.

ఈ గౌరవానికి కారణం లేకపోలేదు. మా నాన్న తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో రెండెకరాల మాగాణి రైతు. మోకాలిలోతు బురదలో వంగిన మనిషి యాభయ్యో ఏటికి పూర్తిగా నిటారు కాలేకపోయాడు. మా అమ్మ నాట్లకూ కలుపుకూ వెళ్ళి వచ్చి, రాత్రి నడుముకు వేడినీళ్ళ గుడ్డ కాపుకుంటూ, "నా బిడ్డలిద్దరూ నీడపట్టున కూర్చుని తింటే చాలు స్వామీ, నీ మెట్లన్నీ ఎక్కి వస్తాను" అని కోటప్పకొండ దేవుడికి మొక్కుకునేది. దేవుడు విన్నాడు. నాకు కాలేజీలో ఉద్యోగమైంది. తమ్ముడికి హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగమైంది. అమ్మ మెట్లన్నీ ఎక్కి మొక్కు తీర్చుకుంది.

నాది సగమే కూర్చునే ఉద్యోగం. గంట కొట్టగానే లేచి క్లాసుకు పోవాలి. క్లాసులో నిలబడి మాట్లాడాలి. తమ్ముడిది మాత్రం అసలైన కూర్చునే ఉద్యోగం. అయినా ఆఫీసుకు వెళ్ళే రోజులలో బస్సుదాకా నడిచేవాడు, కాంటీనుకు మెట్లు దిగేవాడు. 2020లో కరోనా వచ్చి ఆఫీసునే ఇంటికి తెచ్చి పెట్టింది. ఆ తరువాత రోగం వెళ్ళిపోయింది కాని ఆఫీసు పూర్తిగా వెళ్ళలేదు. వారంలో మూడు రోజులు ఇంట్లోనే పని. మంచానికీ బల్లకూ మధ్య ఏడడుగులు. భోజనం బల్ల దగ్గరికి వచ్చేది. కాఫీ వచ్చేది. రెండు లీటర్ల నీళ్ళ సీసా కూడా పక్కనే ఉండేది. ఏ మహారాజుకూ ఇంతకన్నా సేవ జరిగి ఉండదు.

2023 శ్రావణమాసంలో ఏదో పని గడువు ముంచుకు వచ్చి, రెండు వారాలపాటు రోజుకు పధ్నాలుగు గంటలు కూర్చున్నాడు. ఎడమకాలి పిక్క నొప్పి పుట్టింది. నరం పట్టేసిందనుకుని తైలం రాసుకున్నాడు. మర్నాటికి పిక్క వాచింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. గడువు దాటినాక చూద్దాంలే అన్నాడు. మూడోనాడు ఒక అంతస్తు మెట్లెక్కేసరికి ఊపిరి అందలేదు, ఛాతీలో పోటు వచ్చింది. మా మరదలు ధైర్యంగల మనిషి. ఎవరినీ అడగకుండా ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయింది. నాకు ఫోను చేసి, "బావగారూ, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అంటున్నారు, అత్తయ్యగారికి చెప్పకుండా బయలుదేరండి" అంది.

నేను వెళ్ళేసరికి గండం గడిచింది. డాక్టరుగారు నెమ్మదస్తుడు. మంచం పక్కన నిలబడి తమ్ముణ్ణి ఒక్కొక్కటే అడుగుతున్నాడు.

"ఈ మధ్య ఆపరేషనేమైనా అయిందా?"

"లేదండీ."

"దూరప్రయాణం? విమానంలో గాని, రైల్లో గాని?"

"లేదండీ."

"మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా గడ్డలు కట్టిన జబ్బుందా?"

"లేదండీ."

"మరి రోజంతా ఏం చేస్తారు?"

తమ్ముడు ఒక్క క్షణం ఆగి, "కూర్చుంటానండీ" అన్నాడు.

డాక్టరుగారు నవ్వలేదు. "అదొక్కటే కారణమని నేను ప్రమాణం చెయ్యలేను. రక్తం గడ్డకట్టడానికి చాలా కారణాలుంటాయి. కాని వెతికితే మిగతావి ఏవీ కనబడటం లేదు, ఇది మాత్రం కనబడుతున్నది" అన్నాడు. రక్తం పలచబడే మందులు ఆరు నెలలు రాశాడు.

వారం రోజుల తరువాత అమ్మకు తెలిసింది. తెలియకుండా ఉంటుందా! పరుగున వచ్చి తమ్ముడి కాలు ఒళ్ళో పెట్టుకుని, నా వంక చూసి, "ఏమిరా పెద్దోడా, నీడపట్టున కూర్చోవటం కూడా జబ్బేనా? నేను కోరుకున్నదే వీడి ప్రాణం మీదికి తెచ్చిందా?" అని అడిగింది. ఎం.ఏ. తెలుగు చదివినవాడి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు కోసం అడిగినవారిని అడిగాను, దొరికినవి చదివాను. ఈ వ్యాసం అట్లా వచ్చిందే.

మొదట అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పవలసి వచ్చింది. ఏతం తొక్కటం ఆమెకు తెలుసు. మా నాన్న వయసులో ఉన్నప్పుడు కాలవలోనుంచి మడికి ఏతంతో నీళ్ళు తోడేవాడు. దూలం మీద మనిషి అటూ ఇటూ నడుస్తుంటేనే బాన కిందికి మునిగి, నీళ్ళతో పైకి వస్తుంది. నడిచేవాడు దూలం మీద చతికిలబడితే నీళ్ళు రావు. కాళ్ళలో రక్తం సంగతీ అంతే. గుండె రక్తాన్ని పాదాలదాకా తోస్తుంది. అక్కడినుంచి మళ్ళీ పైకి ఎక్కాలి గదా! ఆ పని చాలావరకు పిక్క కండరాలది. అవి బిగిసినప్పుడల్లా సిరలను నొక్కి రక్తాన్ని పైకి నెడతాయి. సిరలలో ఒకవైపే తెరుచుకునే తలుపులుంటాయి గనుక ఎక్కిన రక్తం దిగదు. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. మోకాళ్ళు మడిచి గంటలకొద్దీ కూర్చుంటే ఏతం ఆగిపోయినట్టే. రక్తం అక్కడే మందగిస్తుంది. ఒక్కొక్కరికి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

ఇది కంప్యూటర్లతో పుట్టిన జబ్బు కాదు. 1940లో లండను మీద జర్మను విమానాలు బాంబులు కురిపిస్తుంటే, జనం రాత్రంతా నేలమాళిగలలో గుడ్డకుర్చీలమీద కూర్చుని గడిపేవారు. తెల్లవారి లేచి నాలుగడుగులు వేస్తూనే కొందరు కుప్పకూలేవారు. బాంబు తగలలేదు, గాయం లేదు. కీత్ సింప్సన్ అనే డాక్టరు ఆ శవాలను పరీక్షించి, కాళ్ళలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందని తేల్చాడు. కుర్చీ ముందరి కర్ర తొడల వెనకభాగాన ఒత్తుకుని రక్తాన్ని ఆపిందని అదే ఏడు వైద్యపత్రికలో రాశాడు. ఆ తరువాత 2003లో న్యూజిలాండు వైద్యులు, కంప్యూటరు ముందు ఒక్కొక్కనాడు పద్దెనిమిది గంటలదాకా కూర్చుని ఇదే ప్రమాదం తెచ్చుకున్న ముప్ఫైరెండేళ్ళ మనిషి కథను ప్రకటించారు. అది చదువుతుంటే మా తమ్ముడి కథే ఇంకొకరు రాసినట్టుంది.

అయితే ఇట్లాంటి గడ్డ కూర్చునేవారందరికీ కట్టదు. ఎక్కువమందికి వచ్చేది చప్పుడు చెయ్యకుండా వస్తుంది. మన ఒంట్లో పెద్ద కండరాలు తొడలలో, పిరుదులలో, పిక్కలలో ఉన్నాయి. అన్నం తిన్నాక రక్తంలో చేరిన చక్కెరను ఎక్కువగా వాడుకోవలసినవి అవే. వాటిని పనిలోనుంచి తప్పించి మూడు పూటలా మేపటమంటే, గాడిపొయ్యి ఆర్పేసి కట్టెలు మాత్రం బండ్లకొద్దీ తోలుకొచ్చి వంటింట్లో పడేసినట్టే. కట్టెలు ఎక్కడికి పోతాయి? కొంత రక్తంలో చక్కెరగా నిలుస్తుంది, కొంత నడుము చుట్టూ, కొంత కాలేయంలో కొవ్వుగా పేరుకుంటుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. ఆస్తి సంగతిలో అది నిజమే. ఒంటి సంగతిలో మాత్రం కూర్చుని తింటే కొండలు పెరుగుతాయి.

ఈ మాట మన పూర్వులకు తెలియనిది కాదు. చరకుడు ప్రమేహానికి, అనగా మనం షుగరు జబ్బనే దానికి దగ్గరి చుట్టమైన రోగానికి, కారణాలు చెబుతూ కూర్చునే సుఖాన్నీ, నిద్రాసుఖాన్నీ ముందు పెట్టి, పెరుగూ కొత్తధాన్యమూ బెల్లపు వంటలూ ఆ తరువాత చెప్పాడు. సుశ్రుతుడు ఇంకా గట్టివాడు. డబ్బు లేని రోగి చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవాలి, లేదా బావి తవ్వాలి అని చికిత్స రాశాడు. ఆయన చీటీ పట్టుకుని ఏ మందుల దుకాణానికి పోతాం చెప్పండి! పడమటి దేశాలలో 1700లో ఇటలీలోని మోడెనాలో రమజీనీ అనే వైద్యుడు వృత్తులవారీగా వచ్చే జబ్బులమీద ఒక పుస్తకం అచ్చువేశాడు. దర్జీలనూ చెప్పులు కుట్టేవారినీ చూసి, కూర్చుని పనిచేసేవారు కనీసం సెలవునాడైనా ఒళ్ళు కదల్చాలన్నాడు. 1713లో ఆ పుస్తకాన్ని పెంచినప్పుడు గుమాస్తాలను కూడా చేర్చాడు. వాళ్ళ బాధలకు ఆయన చెప్పిన కారణాలు మూడు: ఎడతెగకుండా కూర్చోవటం, చెయ్యి ఒకే తీరుగా కదలటం, లెక్క తప్పుతుందేమోనని మనస్సు బిగబట్టుకుని ఉండటం. మూడు వందల ఏళ్ళు దాటినా మా తమ్ముడి ఉద్యోగానికి ఒక్క అక్షరం మార్చనక్కరలేదు.

కాని పెద్దలు చెప్పటం వేరు, లెక్కగట్టి చూపించటం వేరు. లెక్కగట్టినవాడు లండనులో జెర్రీ మారిస్ అనే వైద్యుడు. ఆ నగరంలో రెండంతస్తుల బస్సులున్నాయి గదా. అప్పట్లో డ్రైవరు, కండక్టరు ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే వేళల్లో పనిచేసేవారు. ఇంచుమించు ఒకే తరగతి మనుషులు. ఒకాయన రోజంతా కూర్చునేవాడు. రెండో ఆయన టిక్కెట్లు కొడుతూ రోజుకు అయిదు వందలనుంచి ఏడు వందల యాభై మెట్లదాకా ఎక్కేవాడు. 1953లో మారిస్ బృందం ప్రకటించిన లెక్కలలో కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినా డ్రైవర్లకంటే ఆలస్యంగా వచ్చింది, వెంటనే ప్రాణం తీయటమూ తక్కువ. తపాలా శాఖలో చూస్తే అక్కడా అంతే. ఉత్తరాలు పంచే పోస్టుమాన్లకన్నా బల్లల దగ్గర కూర్చునే గుమాస్తాలకు జబ్బు ఎక్కువ. కొందరు, "లావుపాటివాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో!" అన్నారు. మారిస్ ఊరుకోలేదు. వాళ్ళకు కుట్టించిన యూనిఫారాల కొలతలు తెప్పించాడు. డ్రైవర్ల పంట్లాముల నడుము వెడల్పు ఎక్కువేనని 1956లో తనే ప్రకటించాడు. అయినా తరువాతి లెక్కలలో సన్నపాటి డ్రైవర్లకు కూడా సన్నపాటి కండక్టర్లకన్నా ముప్పు ఎక్కువగానే కనబడింది. మారిస్ తాను కనిపెట్టినదాన్ని తానే పాటించి, తొంభైతొమ్మిదేళ్ళు బతికి 2009లో పోయాడు.

ఇది చదివినప్పటినుంచి నాకు ఎక్కడ చూసినా డ్రైవర్లూ కండక్టర్లే కనబడుతున్నారు. మా కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగారు డ్రైవరు, అటెండరు కండక్టరు. ఆయన గంట కొడితే ఈయన వచ్చి, నాలుగడుగుల దూరంలోని బీరువాలోనుంచి ఫైలు తీసి చేతికిస్తాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఒకాయన జేబులో నాలుగు రకాల మాత్రలు, రెండో ఆయన జేబులో రెండు చుట్టలు. ఇద్దరి లెక్కతో శాస్త్రం నిలబడదని నాకు తెలుసు. చుట్టలు మంచివని నేననటమూ లేదు. ఇక ఇంట్లో చూడండి. "ఏమోయ్, మంచినీళ్ళు!" "ఏమోయ్, కళ్ళజోడు!" మన మధ్యతరగతి ఇళ్ళలో డ్రైవరెవరో కండక్టరెవరో పాఠకులకు నేను విడమరిచి చెప్పనక్కరలేదు. అట్లాగని శ్రీమతులను ఇంకా తిప్పండని నా సలహా కాదు. కాస్త డ్యూటీలు మార్చుకోమని.

ఇప్పటి సంగతికి వద్దాం. 2025లో హైదరాబాదులోని వైద్యులూ విశ్వవిద్యాలయంవారూ కలిసి అక్కడి ఐ.టి. ఉద్యోగులు 345 మందిని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు చేరి ఉంది. ఇది మద్యం వల్ల వచ్చే రకం కాదు. తిండీ, నిద్రా, మనోవ్యథా అన్నీ కలిసి తెచ్చినదే గాని ఒక్క కుర్చీ నేరం కాదు. అయినా ముద్దాయిల వరసలో కుర్చీ ముందే ఉంది. దేశం మొత్తం మీద పది కోట్లమందికి పైగా షుగరు జబ్బు ఉందని 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధన మండలి లెక్క. ఇంత జనంలో నా తమ్ముడొక్కడు గండం గడిచి బయటపడ్డాడు, అంతే.

మరి రోజంతా కూర్చుని సాయంత్రం వ్యాయామం చేస్తే సరిపోదా? ఈ ప్రశ్న చాలామందిది. 2016లో పదిలక్షలమందికి పైగా జనం మీద జరిగిన పరిశీలనలన్నీ కలిపి చూశారు. రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారు కూడా గంటనుంచి గంటంబావు వరకు చురుకుగా నడవటంలాంటి శ్రమ చేస్తే, కూర్చోవటంవల్ల పెరిగే మరణప్రమాదం తీరిపోతున్నట్టు కనబడింది. కాని రోజుకు అయిదు గంటలు, ఆపైన టీవీ ముందు కూర్చునేవారికి అంత వ్యాయామం చేసినా ప్రమాదం తగ్గిందే గాని పూర్తిగా పోలేదు. మనలో రోజూ గంటంబావు నడిచేవారెంతమంది? నడిచినా ఆదివారం పొద్దున పార్కులో నాలుగు చుట్లు తిరిగి, బయటికి రాగానే నెయ్యిదోసె తినేవారే గదా! అందుకే 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రెండు మాటలు కలిపి చెప్పింది. వారానికి 150 నిమిషాలనుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యండి, దానితోపాటు కూర్చునే కాలాన్ని తగ్గించి ఎంత తేలికపాటి కదలికనైనా ఆ చోట పెట్టండి అని.

తేలికపాటి కదలికకు ఎంత బలముందో ఆస్ట్రేలియావారు 2012లో చూపించారు. లావుగా ఉన్నవారికి తీపినీళ్ళు తాగించి అయిదు గంటలు కూర్చోబెట్టారు. ఒకనాడు లేవనివ్వలేదు. మరొకనాడు ఇరవై నిమిషాలకొకసారి రెండే రెండు నిమిషాలు మెల్లగా నడిపించారు. నడిచిననాడు రక్తంలో చక్కెర పెరుగుదల దాదాపు నాలుగో వంతు తగ్గింది. రెండు నిమిషాలంటే పెరటిదాకా వెళ్ళి రావటం. అంతే!

ఇక్కడ నాకు మా అమ్మమ్మ గుర్తుకు వస్తుంది. ఆమె కూడా రోజులో చాలాసేపు కూర్చునే ఉండేది. కూర తరిగేటప్పుడు కత్తిపీట ముందు, రుబ్బేటప్పుడు రోటి ముందు, మధ్యాహ్నం అరుగుమీద. కాని అది కుర్చీ కాదు. టాంజానియా అడవులలో వేటాడి బతికే హాడ్జా అనే జాతివాళ్ళు రోజుకు సుమారు పది గంటలు కదలకుండానే ఉంటారని, అయినా వాళ్ళు గొంతుకూర్చోవటం, మోకాళ్ళమీద ఉండటం ఎక్కువ గనుక కాళ్ళ కండరాలు పూర్తిగా నిద్రపోవని 2020లో తేలింది. మన భాషలో కూర్చోవటానికి ఎన్ని మాటలున్నాయో చూడండి: గొంతుకూర్చోవటం, బాసింపట్టు వేయటం, చతికిలబడటం, జారగిలబడటం, చేరగిలబడటం. మా అమ్మమ్మ గంటలో ఇవన్నీ వేసేది, నడుమ పదిసార్లు నేలమీదనుంచి లేచేది. కుర్చీ అనేది అరబ్బీ పారసీల మీదుగా మనకు వచ్చిన మాట. అది వచ్చి ఇన్ని మాటలనూ ఒక్కటి చేసి పడేసింది.

అయితే కుర్చీని బయట పారేసి అందరం నిలబడదామా? అదీ తప్పే. మన ఊళ్ళలో పెద్ద బట్టలకొట్టుకు వెళ్ళి చూడండి. చీరె తరువాత చీరె విప్పి చూపించే ఆడపిల్ల పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడే ఉంటుంది. సాయంత్రానికి పాదాలు వాస్తాయి, కొన్నేళ్ళకు పిక్కలమీద నీలపు నరాలు ఉబ్బుతాయి. బేరం లేనప్పుడు కూడా కూర్చోనివ్వరు. కేరళలో ఇట్లాంటి స్త్రీలు పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. రమజీనీ కూడా కూర్చునేవారికి ఒక అధ్యాయం, నిలబడేవారికి ఒక అధ్యాయం రాశాడు. ఒకే తీరున గంటలకొద్దీ ఉంచితే ఏ భంగిమైనా ఒంటికి కష్టమే. మా నాన్న నడుమును వంచినది వంగటం. మా తమ్ముడి రక్తాన్ని ఆపినది కూర్చోవటం.

అమ్మకు నేను చెప్పగలిగిన జవాబు ఇదే. "నువ్వు కోరుకున్నది తప్పు కాదమ్మా. నీడ మంచిదే, కూర్చోవటమూ మంచిదే. లేవకపోవటమే చెడ్డది." ఆమె కాసేపు ఆలోచించి, "లేవటానికి జీతం కోస్తారా?" అని అడిగింది. కొయ్యరు. కాని అడ్డం వచ్చేది జీతం కాదు, పరువు. లేచి ఫైలు తెచ్చుకుంటే హోదా తగ్గుతుందని ఆఫీసరుకు, లేచి మంచినీళ్ళు ముంచుకుంటే మగతనం తగ్గుతుందని మగవాడికి ఎవరో చెప్పారు. ఆమధ్య పరీక్ష పేపర్లు దిద్దేచోట పాతిక పేపర్లకొకసారి లేచి, తరువాతి కట్ట నేనే తెచ్చుకోవటం మొదలుపెట్టాను. అటెండరు నొచ్చుకుని, "నన్ను పిలిస్తే రానా మాస్టారూ? చూసేవాళ్ళు నన్నేమనుకుంటారు?" అన్నాడు. ఆయనకు సంగతంతా చెప్పి, పేపర్లమీద నంబర్లు వేసే పనిలో కొంత కూర్చుని చెయ్యమన్నాను. ఆయన కాళ్ళకూ విశ్రాంతి కావాలి గదా.

తమ్ముడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఉద్యోగం అదే, గడువులూ అవే. మా మరదలు మాత్రం చట్టాలు మార్చింది. రెండు లీటర్ల సీసా పోయి చిన్న గ్లాసు వచ్చింది. దాహమైనప్పుడల్లా వంటింటికి నడవవలసిందే. కాఫీ బల్ల దగ్గరికి రాదు. అన్నం తినగానే పది నిమిషాలు వరండాలో తిరగాలి. అరగంటకొకసారి ఫోనులో గంట మోగుతుంది. మోగినప్పుడు లేవకపోతే మా తమ్ముడి కూతురు వచ్చి గుంజీళ్ళు తీయిస్తుంది. బళ్ళో నేర్చిన శిక్ష ఇంట్లో వైద్యంగా పనికివచ్చింది. పాఠకులకు నా మనవి కూడా ఒకటుంది. ఒకే కాలి పిక్క వాచి, వెచ్చబడి, నొప్పి పెడితే పిసికించుకుంటూ ఇంట్లో కూర్చోకండి. వెంటనే డాక్టరుకు చూపించుకోండి. ఊపిరి అందకపోయినా, ఛాతీలో పోటు వచ్చినా ఒక్క గంట కూడా ఆగకండి.

అమ్మ వయసు డెబ్బైరెండు. ఆమె వైద్యం వేరు. రోజూ సాయంత్రం ఆరుగంటలకు పల్లెనుంచి తమ్ముడికి ఫోను చేస్తుంది. వాడు ఆ మాట్లాడినంతసేపూ నడుస్తూ ఉండాలని షరతు. కోడి పెట్టిన గుడ్లదగ్గరనుంచి కాలవకు నీళ్ళు వదిలిన సంగతిదాకా చెబుతుంది. చెప్పటానికేమీ మిగలకపోతే నిన్నటిదే మళ్ళీ చెబుతుంది. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు ఆమె పక్కన కూర్చుని విన్నాను. మధ్యలో ఆమె మాట ఆపి, కళ్ళు మూసుకుని, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. "ఏమయిందమ్మా?" అన్నాను. "ఉష్!" అని నన్ను కసిరి, "వాడి చెప్పుల చప్పుడు వినబడటం లేదు" అని, ఫోనులోకి, "ఏమిరా చిన్నోడా, కూర్చున్నావా?" అని కేకేసింది.